వేలు దూరని బీట

గుడివాక ఏరియా ఆస్పత్రి కాన్పుల వార్డు ఫైలు ఆ సంవత్సరం విమానం ఎక్కింది. నాలుగేళ్లుగా ఆఫీసు బల్లల మీద తిరిగి తిరిగి అలిసిపోయిన ఫైలు కనక దానికి ఆ మాత్రం షికారు న్యాయమే అనుకోవాలి.

ఫైల్లో ఉన్న సంగతి చిన్నదే. కాన్పుల వార్డు శ్లాబు బీటలు వారింది. పెచ్చులూడి మంచాల మీద పడుతున్నాయి. ఆయా నూకరత్నం ఇళ్లిళ్లూ తిరిగి పాత చీరలు అడుక్కొచ్చి, కప్పు కింద పందిరిలా కట్టింది. పెచ్చు ఊడితే చీరలో పడుతుంది, చీర నిండితే దులిపి మళ్లీ కడుతుంది. ప్రభుత్వం చెయ్యాల్సిన పని ఇరవై రెండు పాత చీరలు చేస్తున్నాయన్నమాట.

భవనాల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు హైమవతి మరమ్మతుకు అంచనా వేసి పై అధికారి పరాంకుశరావుగారికి పంపింది. ఆయన సూపరింటెండింగ్ ఇంజనీరు. ఆకుపచ్చ సిరాతో "చర్చించండి" అని రాసి తిప్పి పంపారు. చర్చించడానికి వెళితే మీటింగులో ఉన్నారు. మళ్లీ పంపితే మళ్లీ "చర్చించండి". నాలుగేళ్లలో ఆ ఫైలు మీద ఆ మాట పదకొండు సార్లు పడింది. చర్చ ఒక్కసారీ జరగలేదు.

ఇలా ఉండగా "విదేశాలలో పురాతన భవనాల నిర్వహణ - అధ్యయన యాత్ర" అని ఉత్తర్వు వచ్చింది. పరాంకుశరావుగారు నాయకుడు, వెనక ముగ్గురు ఇంజనీర్లు. చదివేవాళ్లు లేకపోయినా రాసేవాళ్లు కావాలి కనక, నివేదిక రాయడానికి హైమవతిని కూడా వేశారు.

"ఆ ఆస్పత్రి ఫైలు పట్టుకురామ్మా. విమానంలో ప్రశాంతంగా చూస్తాను" అన్నారాయన.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు హైమవతి ఫైలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. విమానంలో ఆయన నిజంగానే ప్రశాంతంగా ఉన్నారు. భోజనం పెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయారు.

దిగింది పలెర్మోలో. మధ్యధరా సముద్రం మధ్య సిసిలీ ద్వీపంలో అదొక పాత రేవు పట్నం. వీళ్లకి కుదిర్చిన హోటలు ఎంత నాజూకైనదంటే దానికి బోర్డు లేదు. పెట్టెలు ఈడ్చుకుంటూ ఐదుగురూ ఆ సందులో మూడు ప్రదక్షిణలు చేశారు. చివరికి చేపలమ్మే ఒకావిడ చేతిలో కత్తితో ఒక పాత తలుపు చూపించింది. బోర్డు పెడితే అందరూ వచ్చేస్తారట, అందుకని పెట్టరట.

లోపల కౌంటరు కూడా లేదు. నల్లబట్టల పిల్ల ఒకతె సోఫాలో కూచుని ఉంది. పేరు క్యారా. ఆ పిల్ల వెనక ఒక గోడ. గోడకి సున్నం ఊడిపోయి ఇటుకలు కనిపిస్తున్నాయి. పైనుంచి కింది దాకా బీటలు మూడు. దాని ముందు ఇత్తడి కడ్డీ, కింద చిన్న చిన్న దీపాలు, "తాకరాదు" అని ఒక పలక.

గోడ చూడగానే హైమవతి కళ్లు అలవాటు కొద్దీ ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో లెక్కకట్టడం మొదలెట్టాయి. పరాంకుశరావుగారు మాత్రం దీపాలు చూశారు. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఈ గోడ తన వయసు దాచుకోదు" అంది క్యారా ఇంగ్లీషులో, మంత్రపుష్పం చెప్పినంత మెల్లగా. "మూడు వందల ఏళ్ల జ్ఞాపకాన్ని మేము సరిచెయ్యలేదు. దాని మాట విన్నాం, అంతే."

"విన్నారా?" అన్నారు పరాంకుశరావుగారు మిగతా నలుగురి వైపు తిరిగి. "మనం గోడల మాట వింటున్నామా?"

ఎవరూ వినడం లేదని అందరూ ఒప్పుకున్నారు.

గదులకి నంబర్లు లేవు, పేర్లున్నాయి. ఆయనకి "ప్రశాంతి" వచ్చింది. హైమవతికి "నిరీక్షణ" ఇచ్చారు. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గానీ నాలుగేళ్ల ఫైలున్న మనిషికి అది సరిగ్గా అతికింది. గది మధ్యలో, మంచానికి రెండడుగుల దూరంలో, అడ్డూ ఆపూ లేకుండా స్నానాల తొట్టి ఉంది. బట్టలు పెట్టుకునేందుకు అలమరా లేదు, కప్పు నుంచి ఒక తాడు వేలాడుతోంది. దండెం మీద బట్టలేసుకోడానికి ఇంత దూరం రావాలా అనుకుంది హైమవతి. స్విచ్చి ఎక్కడుందో దొరకలేదు. దీపం దానికి బుద్ధి పుట్టినప్పుడు వెలిగింది.

మర్నాడు ఆ ఊళ్లో బాగుచేసిన ఒక పాత ఆస్పత్రికి వెళ్లాలని కార్యక్రమంలో ఉంది. హైమవతి ఫైలు చంకన పెట్టుకుని ఎనిమిదింటికే తయారైంది. పరాంకుశరావుగారు మాత్రం గోడకెదురుగా సోఫాలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నారు.

"సార్, ఆస్పత్రికి బస్సు వచ్చిందండి."

"అధ్యయనానికి బయటికెళ్లాలని జీవోలో ఎక్కడైనా ఉందా హైమవతిగారూ? విదేశంలో అధ్యయనం అని ఉంది. ఇది విదేశమే కదా."

బస్సు వెళ్లిపోయింది. ముగ్గురు ఇంజనీర్లూ బజారు అధ్యయనానికి పోయారు. పరాంకుశరావుగారు ఫైలు ఇటివ్వమన్నారు. నాలుగేళ్లలో మొదటిసారి దాన్ని తెరిచారు కూడా. ఆయన అందులోంచి కాన్పుల వార్డు ఫొటోలు తీసి, చెయ్యి చాచి, ఆ గోడ పక్కన పట్టుకుని ఒకటొకటే సరిచూసుకున్నారు.

"చూడండి. వీళ్లవి మూడు. మనవి?"

"పద్నాలుగండి."

"పద్నాలుగు" అన్నారాయన, మనవలు పద్నాలుగు మంది అని చెప్పుకున్నంత సంబరంగా. "ఇంత సంపద పెట్టుకుని మీరు దీన్ని లోపం అని రాశారు. సిమెంటు పులిమేస్తానన్నారు. నేనే గనక చర్చించండి అని ఆపకపోతే ఏమయ్యేదమ్మా?"

"సార్, పెచ్చులు పడుతున్నాయండి. పోయిన నెల ఉయ్యాల పక్కనే పడింది."

"పక్కనే కదా పడింది."

హైమవతికి ఒళ్లు మండిపోయింది. ఆయన చేతిలో వేడి కాఫీ ఉంది, ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమెకి ఇద్దరు పిల్లలూ, పదిహేడేళ్ల సర్వీసూ ఉన్నాయి కనక ఊరుకుంది. ఆయన ఆకుపచ్చ పెన్ను తీసి ఫైల్లో రాశారు: "సదరు బీటలు లోపములు కావు. అవి వారసత్వ సంపదగా పరిగణింపదగినవి. మరమ్మతు ప్రతిపాదన తిరస్కరించడమైనది. బీటల పరిరక్షణ నిమిత్తము ప్రత్యేక ప్రతిపాదన సమర్పించవలెను."

ఆ మధ్యాహ్నం హైమవతి తిండి సయించక కిందికి దిగింది. హాల్లో ఎవరూ లేరు. ఇత్తడి కడ్డీ అవతల, "తాకరాదు" పలకకి ఆనుకుని ఒక ముసలాయన పీట మీద కూచుని ఉన్నాడు. పక్కన రంగు డబ్బాలు. సన్నటి కుంచెతో మధ్య బీటని ఓపిగ్గా దిద్దుతున్నాడు. నాలుకని పళ్ల మధ్య పెట్టుకుని, పెళ్లికూతురికి కాటుక పెట్టినంత శ్రద్ధగా.

ఆయన పేరు సాల్వో. హోటల్లో తాపీపనీ రంగుపనీ రెండూ ఆయనవే. ఈవిడకి ఇటాలియన్ రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా కట్టుబడి తెలిసిన ఇద్దరికి భాషతో పనేముంది? హైమవతి కడ్డీ మీద నుంచి వంగి, వేలి కణుపుతో గోడని కొట్టి చూసింది. పాతగోడ డొల్లగా మోగుతుంది. ఇది కంచులా పలికింది. ఆమె ముసలాయన వైపు చూసింది. ఆయన అటూ ఇటూ చూసి ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. అదే గోడ, మూడేళ్ల కిందటిది. నిలువెత్తు కొత్త ఇనుప చువ్వలు, వాటిమీద కొత్త కాంక్రీటు. దాని మీదే ఈయన పాత ఇటుకల బిళ్లలు అంటించి, సున్నం ఊడినట్టు గీసి, బీటలు తీర్చాడు. వచ్చినవాళ్లు చాటుగా తడిమి తడిమి అరగదీస్తారు కనక ఏడాదికోసారి మళ్లీ దిద్దుతాడు.

నిజం బీట ఒక్కటీ లేదా అని ఆమె చేత్తో అడిగింది. ఆయన చూపుడువేలు బీట మీద పెట్టి నొక్కాడు. వేలు దూరలేదు. తర్వాత కప్పు వైపు చూపించి, రెండు చేతులూ దబ్బున కింద పడేసి, రెండు మణికట్లూ కలిపి సంకెళ్లు వేసినట్టు చూపించాడు. నిజం బీట ఉంటే మనిషి పోతాడు, నేను జైలుకి పోతాను అని.

హైమవతికి ఆ ఊరొచ్చాక మొదటిసారి నవ్వొచ్చింది. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లంటారు. వీళ్లు సామెతని తిరగేసి కట్టుకున్నారు.

పరుగున వెళ్లి పరాంకుశరావుగారికి చెప్పింది. "సార్, అది రంగండి. లోపలంతా కొత్త ఇనుమండి. నేను కొట్టి చూశాను."

ఆయన జాలిగా చూశారు. ఆ జాలి హోటలు మీద.

"పాపం, వాళ్లకి లేక గీసుకుంటున్నారమ్మా. మనకి దేవుడిచ్చినవి ఉన్నాయి."

ఇక ఆ మనిషికి చెప్పడం కన్నా గోడకి చెప్పడం నయమని హైమవతికి అర్థమైంది. "నిరీక్షణ"లోకి పోయి, కూచోడానికి కుర్చీ లేక స్నానాల తొట్టి అంచు మీద కూచుని, ఆయన అడిగిన ప్రత్యేక ప్రతిపాదన రాయడం మొదలెట్టింది. పాత అంచనాలో ఒక్క చువ్వ మార్చలేదు. మాటలు మార్చింది. బీటలకు ఊతమిచ్చుటకై నూతన ఇనుప చువ్వలు అంది. బీటల బరువు మోయుటకై నూతన శ్లాబు అంది. బీటల చుట్టూ ఉన్న అనుచిత పదార్థమును తొలగించుట అంది, అనుచిత పదార్థమంటే పాత శ్లాబే. ఆఖర్న నిపుణుడైన చిత్రకారునిచే బీటలను తీర్చుట అని ఒక్క పని కొత్తగా చేర్చింది. పైన పెద్ద అక్షరాలతో "శిథిల సౌందర్య పరిరక్షణ పథకం" అని పేరు పెట్టింది.

పరాంకుశరావుగారు పేరు చదివారు. ఆ కిందకి వెళ్లాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు. ఆ గోడ ముందే, ఆ దీపాల వెలుగులోనే సంతకం చేసేశారు. పన్నెండో "చర్చించండి" పడలేదు.

తిరిగొచ్చాక పని మూడు నెలల్లో అయిపోయింది. పేరులో సౌందర్యం ఉన్న పథకాన్ని ఆపే ధైర్యం ఏ అధికారికీ ఉండదు. పాత శ్లాబు తీసేసి కొత్తది పోశారు. నూకరత్నం ఇరవై రెండు చీరలూ విప్పి ఉతికి, పుట్టినపిల్లలకి పొత్తిగుడ్డలు చేసింది. చివరికి బీటలు గీయడానికి పెయింటరు పేరయ్య వచ్చాడు. నాటకాలకి తెరలు రాసిన చెయ్యి అతనిది.

"ఎలాంటి బీట కావాలండి? వానకి వచ్చిందా, పునాది కుంగి వచ్చిందా?" అని అడిగాడు.

"చూసినవాడు నమ్మాలి పేరయ్యగారూ. పద్నాలుగు కావాలి."

పేరయ్య ప్రాణం పెట్టి గీశాడు. కప్పు మీద మొదలెట్టి, కొన్ని బీటల్ని గోడల మీదికి, ఒకదాన్ని తలుపు బయటి దాకా దించాడు. మొదటి బీట పూర్తయ్యేసరికి కింద పడుకున్న బాలింత బిడ్డనెత్తుకుని బయటికి పరిగెత్తింది. నూకరత్నం నిచ్చెనెక్కి బీటలో వేలు పెట్టింది. వేలు దూరలేదు. "రంగేనే, రా" అని పిల్చుకొచ్చింది. ఆ రోజు నుంచి వార్డులోకి ఎవరొచ్చినా ముందు గోడ దగ్గర బీటలో వేలు పెట్టి చూసుకుని మంచమెక్కడం ఆనవాయితీ అయింది.

పథకం పూర్తయినట్టు బోర్డు ఒకటి తగిలించాలి. "ఈ భవనములోని బీటలన్నియు ప్రభుత్వ పథకం కింద నిపుణ చిత్రకారునిచే తీర్చబడినవి. సురక్షితం" అని రాసిన బోర్డు జిల్లా ఆఫీసు నుంచి లారీలో వచ్చింది. అయితే పరిరక్షిత గోడకి మేకు కొట్టరాదని అదే పథకంలో నిబంధన ఉంది. అందుకని బోర్డు పట్టుకొచ్చిన మనిషి పక్కనున్న పాత మందుల గోడౌనుకి కొట్టాడు. దానికి మేకు అక్కర్లేకపోయింది. అప్పటికే ఉన్న బీటలో కొయ్య దూర్చి బోర్డు వేలాడదీశాడు.

ఆ గోడౌను సంగతి వేరే ఫైలు. అది ఆరేళ్లది.

ఒక సోమవారం పొద్దున భవన భద్రతా విభాగం నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయనదీ పరాంకుశరావుగారిదీ వేరు వేరు శాఖలు, ఒకరి కాయితం ఒకరు చదవరు. కాన్పుల వార్డులో తలెత్తి చూసి పద్నాలుగు బీటలు లెక్కపెట్టి, చెమటలు పట్టి బయటికొచ్చాడు. రంగు బీటలున్న చోట బోర్డు ఉంటుందని విన్నాడు కనక దాని కోసం చూశాడు. వార్డుకి బోర్డు లేదు, కనక ఇవి నిజం బీటలు. గోడౌనుకి బోర్డు ఉంది, కనక ఆ బీటలు రంగువి. గంటలో వార్డు ఖాళీ చేయించి, తలుపుకి తాళం వేసి లక్క సీలు కొట్టాడు. పందొమ్మిది మంది ఆడవాళ్లనీ, పిల్లల్నీ, మంచాలతో సహా గోడౌన్లోకి మార్పించాడు.

నూకరత్నం ఫోను చేస్తే హైమవతి ఉన్నపళంగా వచ్చింది. అదే రోజు పేరయ్యకి సన్మానం కూడా పెట్టుకున్నారు కనక శాలువా పట్టుకుని పరాంకుశరావుగారూ దిగారు. అందరూ గోడౌన్లో కలుసుకున్నారు. కప్పు నుంచి సన్నగా ఇసుక రాలుతోంది. ఒక బాలింత చీర కొంగు బిడ్డ మొహం మీద కప్పింది.

"సార్, ఇవి నిజం బీటలండి. ముందు వీళ్లని బయటికి పంపించండి" అంది హైమవతి.

"బోర్డు ఉన్నది కదా మేడమ్" అన్నాడు భద్రతాధికారి. "ధ్రువీకరించబడిన బీటను అనుమానించు అధికారం నాకు లేదు."

"బోర్డు తప్పు గోడకి కొట్టారండి."

"ఆ సంగతి బోర్డు మీద లేదు."

పరాంకుశరావుగారు ఇవేవీ వినడం లేదు. ఆయన బీటకి దగ్గరగా వెళ్లి, జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి అందులో పెట్టారు. పెన్ను సగం దాకా దిగింది. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంత లోతు చూపించాడమ్మా. పలెర్మోలో కూడా ఇంత లోతు లేదు."

"బాబుగారండీ, ఇది నేను గీసింది కాదండి" అన్నాడు పేరయ్య భయంగా.

"కళాకారుడికి వినయం అందం" అంటూ ఆయన శాలువా కప్పేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. చప్పట్లకి కప్పు నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి భద్రతాధికారి బూటు ముందు పడింది. ఆయన ఒకడుగు వెనక్కి వేసి, బోర్డు వైపు చూసి, మళ్లీ యథాస్థానంలో నిలబడ్డాడు.

అప్పుడు నూకరత్నం ముందుకొచ్చింది. అధికార్ల మధ్య నుంచి చొరవగా పోయి, బీటలో వేలు పెట్టింది. రెండో కణుపు దాకా దూరింది. ఆ వేలు పైకెత్తి మంచాల వైపు చూపించింది.

"లేవండర్రా. ఆయ్, చదువుకున్నోళ్లకి తెలీకపోతే మనకి తెలీదేంటి. వేలు దూరితే బీట, దూరకపోతే గవర్నమెంటు. ఇది దూరింది. పదండి మన వార్డుకి."

ఆడవాళ్లు లేచారు. బిడ్డల్ని చంకనేసుకుని, మూటలు పట్టుకుని, వరసగా వార్డు తలుపు దాకా నడిచారు. అక్కడ ఆగిపోయారు. తాళానికి ఎర్రటి లక్క సీలు ఉంది. ప్రభుత్వ సీలు విరగ్గొడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. భద్రతాధికారి వెనకనుంచి ఆ శిక్ష ఏ సెక్షను కిందికి వస్తుందో చదువుతున్నాడు.

హైమవతికి పదిహేడేళ్ల సర్వీసు గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. నొప్పులు మొదలైన ఒక పిల్ల తలుపు పక్కన గోడ పట్టుకుని నిలబడి, ఆ బాధలోనే, పేరయ్య బీటలో వేలు పెట్టి నొక్కి చూసుకుంటోంది. హైమవతి కింద పడున్న ఇటుక తీసుకుంది. మూడు దెబ్బలకి సీలూ పోయింది, తాళమూ పోయింది.

గోడౌను కప్పు గురువారం కూలింది. అందులో ఎవరూ లేరు. మందులు కూడా లేవు, ఉంటే ప్రభుత్వ గోడౌను ఎందుకవుతుంది. ఆ విషయమై పరాంకుశరావుగారు పంపిన నివేదికలో "చిత్రకారుని పనితనం సహజత్వపు పరాకాష్ఠకు చేరినది" అని ఉంది.

శుక్రవారం హైమవతికి మెమో వచ్చింది. సీలు చేయబడిన వార్డు సురక్షితమని మీరు ఏ పరీక్ష ద్వారా, ఏ నిబంధన ప్రకారం నిర్ధారించితిరో, ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో వారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను అని. ఆమె రాయాల్సింది చాలా ఉంది. రెండు రాత్రులు ఆలోచించి ఒక్క ముక్క రాసింది: "వేలు పెట్టి చూసితిని. దూరలేదు."

సంజాయిషీ పరాంకుశరావుగారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివారు. వేలు పెట్టడమనే పరీక్ష నిబంధనల్లో ఉందో లేదో ఆయనకి తెలియలేదు. తెలియనప్పుడు చేసే పనే చేశారు. ఆకుపచ్చ పెన్ను తీసి, నిబ్బుకంటిన సున్నం తుడిచి, "చర్చించండి" అని రాసి కింది ఆఫీసుకి పంపించారు.

హైమవతి చర్చించడానికి వెళ్లింది. ఆయన మీటింగులో ఉన్నారు. ఆ ఫైలు మళ్లీ పైకెళ్లింది, మళ్లీ కిందికొచ్చింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ ఆఫీసు వేగం తెలిసినవాళ్ల లెక్క ప్రకారం తేలడానికి ఇంకో నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు.